ముందు ప్యానెల్, ఆ తర్వాతే పెట్టె: తక్కువ ఖర్చులో ఇంటి ఆర్కేడ్

ఆర్కేడ్ పెట్టె, అంటే వీడియో గేమ్ షాపుల్లో స్టిక్, బటన్లతో ఆడే యంత్రం, ఇంట్లో కట్టాలనుకునేవాళ్లు చాలామంది ప్లైవుడ్ దగ్గర మొదలుపెడతారు. పెట్టె నిలబడి, రంగు ఆరి, మానిటర్ ఎక్కాక జాయ్‌స్టిక్ పట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది: బటన్లు ఇరుకయ్యాయి, మణికట్టు చెక్క అంచుకు ఒరుసుకుంటోంది, ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతున్నాయి. అప్పటికే బెజ్జాలు పడిపోయి ఉంటాయి. వాటిని మళ్లీ పూడ్చలేం. అందుకే ఈ పనిని తిరగేసి చెయ్యాలి. డబ్బూ ఓపికా ముందు చెయ్యి తగిలే చోట, అంటే స్టిక్, బటన్లు ఉండే ప్యానెల్ మీద పెట్టాలి. కంప్యూటర్, మానిటర్, స్పీకర్లు పాతవైనా ఆటకు లోటుండదు.

బెంగళూరు అద్దె ఇళ్లలో ఆరడుగుల నిలువు పెట్టె వద్దు. ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని మెట్లు దింపడం నరకం. బల్ల మీద పెట్టుకునే ఇద్దరాటగాళ్ల పెట్టె చాలు. ఇక్కడి కొలతలతో కడితే 624 మి.మీ. వెడల్పు, 450 లోతు, 463 ఎత్తు వస్తుంది. ఖాళీ పెట్టె పదీ పదకొండు కిలోలు తూగుతుంది. మానిటర్ విప్పేస్తే ఒక్కరే మోసుకుపోవచ్చు. కింద బల్ల మాత్రం ఊగకూడదు. మడత బల్ల మీద పెడితే స్టిక్ గట్టిగా లాగినప్పుడల్లా తెర కదులుతుంది.

ఎన్ని బటన్లు?

ఏ ఆటలు ఆడతారో దాన్నిబట్టే ఇది తేలుతుంది. మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల్లో 'ముస్తఫా' అని పిలిచిన ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసింది. దానికి కొట్టడానికి ఒకటి, ఎగరడానికి ఒకటి, రెండే బటన్లు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కి ఆరు కావాలి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కి బటనే అక్కర్లేదు, స్టిక్ చాలు. ఆరు పెట్టుకుంటే అన్నీ ఆడుకోవచ్చు. ఆ పైన ఏడూ ఎనిమిదీ అన్నవి వేళ్లకు అడ్డం. మనిషికి ఆరు, ఒక స్టార్ట్, ఒక కాయిన్. ఇద్దరికీ కలిపి ఓ దాపుడు బటన్. అది ఎందుకో తర్వాత చెబుతాం.

ఎస్పీ రోడ్డులో కొనాల్సినవి

చిక్కపేట మెట్రోలో దిగితే సాదర్ పత్రప్ప రోడ్డు (ఎస్పీ రోడ్డు) నడిచే దూరం. ఆదివారం వెళ్లకండి, ఎక్కువ షాపులు మూసి ఉంటాయి. కావాల్సినవి ఇవి: జీరో డిలే యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (బటన్ నొక్కిన సంగతి కంప్యూటర్‌కి చేరవేసేవి) రెండు, వైర్లతో సహా. జాయ్‌స్టిక్‌లు రెండు. పెద్ద బటన్లు పన్నెండు, 24 మి.మీ. చిన్నవి ఐదు. ఇవన్నీ కలిపి కిట్‌గా ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. వీటికి నాలుగు వేలు దాటించకండి. మొత్తం పెట్టెకు పదిహేను వేలు హద్దుగా పెట్టుకోండి.

బటన్ కొనేటప్పుడు ఒక్క విషయం చూడాలి. కిట్లలో వచ్చే బటన్లు ఎక్కువగా నొక్కితే 'టక్'మని పట్టుకునే రకం. వాటి చెవులు రేకుకూ పల్చటి ఆక్రిలిక్‌కూ సరిపోతాయి. 12 మి.మీ. ప్లైలో ఆ చెవులు విచ్చుకోవు. బెజ్జం కాస్త వదులైతే చాలు, నాలుగు రోజుల్లో బటన్ పైకి లేస్తుంది. చెక్కకు మరలున్న పొడుగు బటన్లు కావాలి, కింద నుంచి నట్ బిగించేవి. వాటికి మామూలుగా 28 మి.మీ. బెజ్జం సరిపోతుంది, నొక్కుడు రకానికి 30. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. బటన్ చేతికొచ్చాక కాలిపర్‌తో మెడ కొలిచి, ఆ తర్వాతే హోల్ సా (డ్రిల్లుకు తగిలించి గుండ్రటి బెజ్జం కోసే రంపం) కొనండి. 30 బెజ్జంలో 28 బటన్ గిరగిరా తిరుగుతుంది.

ఇక మెదడు. రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటర్ బోర్డు చాలామందికి మొదట తోచే పేరు. అది చిన్నది, చక్కగా పనిచేస్తుంది. కానీ బోర్డు, అడాప్టర్, మెమరీ కార్డ్, కేస్, కేబుల్ అన్నీ లెక్కేస్తే ఈ ఊళ్లో ఆఫీసుల నుంచి బయటికొచ్చిన పాత మినీ పీసీయే మేలు. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్ ఉంటే 1990ల దాకా వచ్చిన ఆర్కేడ్ ఆటల్లో చాలావరకు హాయిగా నడుస్తాయి. హార్డ్‌డిస్క్ లేకపోయినా పర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే నడిపిస్తాం. షాపులోనే ఆన్ చేయించి బయోస్ (మెషిన్ మొదలవగానే తెరిచే సెట్టింగుల తెర) తెరవండి. దానికి పాస్‌వర్డ్ ఉంటే ఆ మెషిన్ వద్దనండి.

రాస్ప్‌బెర్రీ పై మీ దగ్గర ఇప్పటికే ఉంటే అదే వాడుకోండి, కానీ ఫోన్ చార్జర్‌తో నడపకండి. పై 3కి 5 వోల్టుల 2.5 ఆంపియర్లు, పై 4కి 3 ఆంపియర్లు నికరంగా అందాలి. తెర మూలలో మెరుపు గుర్తు కనిపిస్తే కరెంటు చాలట్లేదని అర్థం. ఆట మధ్యలో ఆగడం, కార్డు పాడవడం అక్కడే మొదలవుతాయి.

మానిటర్‌కి పాత ఆఫీసుల 19 అంగుళాల చదర రకం (5:4) అడగండి. ఆర్కేడ్ ఆటలు 4:3 తెరల కోసం గీసినవి, కాబట్టి వీటిలో బొమ్మ దాదాపు నిండుగా వస్తుంది. అది దొరక్కపోతే 22 అంగుళాల 16:10 వెడల్పు మానిటర్ తీసుకోండి. పక్కల నల్ల పట్టీలు పోను మధ్యలో వచ్చే బొమ్మ 19 చదరపు దానికంటే కాస్త పెద్దదే. 600 మి.మీ. పెట్టెలో అదీ పడుతుంది, కానీ మానిటర్ ముందు పలకలో బెజ్జం, మానిటర్‌ని మోసే అడ్డపట్టీ కొలతలు మార్చుకోవాలి. కొనే ముందు ఒక పరీక్ష తప్పదు. మానిటర్ వెలుగుతుండగా గోడ స్విచ్ ఆపి, పది సెకన్లాగి మళ్లీ వెయ్యమనండి. దానంతటది వెలిగితేనే తీసుకోండి. కొన్ని మానిటర్లు ముందున్న బటన్ నొక్కితే గానీ లేవవు. పెట్టెలో బిగించాక ఆ బటన్ మీకు అందదు.

అట్ట మీద ఆడి చూడండి

కిట్ ఇంటికి రాగానే ఒక గట్టి అట్టపెట్టె తీసుకోండి. 600 మి.మీ. వెడల్పు, 216 లోతు గీసి, ఈ కొలతల్తో బెజ్జాలు కోయండి. ఎడమ అంచు నుంచి మొదటి ఆటగాడి స్టిక్ నడిబొడ్డు 90 మి.మీ., రెండో ఆటగాడిది 390. స్టిక్ నుంచి మొదటి నిలువు బటన్ వరస 65, అక్కణ్నుంచి 36 చొప్పున మిగతా రెండు. ముందు అంచు నుంచి కింది వరస 70, పై వరస 110, స్టిక్ 95. నడిమి, ఉంగరం వేళ్లు పొడుగు కాబట్టి వాటి కిందికొచ్చే రెండో, మూడో నిలువు వరసల్నీ 12 మి.మీ. పైకి జరపండి. స్టార్ట్, కాయిన్ బటన్లు ముందు అంచు నుంచి 180 దగ్గర, వెనకాల. వీటిని ముందు పట్టీ మీద పెడితే నిలబడి ఆడేటప్పుడు పొట్ట తగిలి నొక్కుకుంటాయి.

అట్టకు కింద పుస్తకాలు పేర్చి, ఎన్‌కోడర్‌ని ఏదైనా కంప్యూటర్‌కి తగిలించి రెండు రోజులు ఆడండి. ఇంట్లో పిల్లలచేత, పెద్దలచేత కూడా ఆడించండి. మణికట్టు ఎక్కడ ఆనుతోందో చూడండి. చెయ్యి జారిపోతుంటే బటన్ల వరసను అయిదేసి మిల్లీమీటర్లు జరిపి మళ్లీ కోయండి. అట్ట చౌక. ఈ రెండు రోజులు ఎగ్గొట్టినవాళ్లే తర్వాత ప్యానెల్ రెండోసారి చేయించుకుంటారు.

వైరింగ్

జీరో డిలే బోర్డులో ప్రతి బటన్‌కీ రెండు తీగల జత ఉంటుంది. మామూలు బటన్‌కి ఆ రెంటిలో ఏది ఎటు పెట్టినా ఒకటే. మైక్రోస్విచ్ ఉన్న బటన్లలో మాత్రం మూడు కాళ్లు ఉంటాయి: కామన్, నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్. కామన్, ఓపెన్ రెంటికే తగిలించాలి. క్లోజ్డ్‌కి తగిలిస్తే చెయ్యి వేయకపోయినా బటన్ నొక్కినట్టే ఉంటుంది. తెర మీద మెనూ దానంతటది పరుగెడుతుంటే ముందు ఇదే వెతకండి.

నాలుగు మైక్రోస్విచ్‌ల జాయ్‌స్టిక్‌లో అందరూ ఒక చోట తడబడతారు. స్టిక్ పైకి తోస్తే లోపలి కాడ కిందికి వాలి, కింది వైపున్న స్విచ్‌ని నొక్కుతుంది. కాబట్టి 'అప్' తీగ కింది స్విచ్‌కి, 'లెఫ్ట్' తీగ కుడి స్విచ్‌కి. అయిదు తీగల ఒకే ప్లగ్ ఉన్న స్టిక్ అయితే ఈ గొడవ లేదు, కానీ స్టిక్‌ని పావు మలుపు తిప్పి బిగిస్తే దిక్కులన్నీ తిరిగిపోతాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌లో సర్దుకోవచ్చు, అయినా తీగలోనే సరిచెయ్యడం మంచిది. వేరే కంప్యూటర్‌కి తగిలించిన రోజున మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

తీగ చివరి క్లిప్పులు రెండు సైజుల్లో వస్తాయి, 2.8 మి.మీ., 4.8 మి.మీ. కాలు సన్నగా ఉండి క్లిప్పు వెడల్పైతే అది ఊడి ఊడి విసిగిస్తుంది. బటన్ కాలు సైజు చూసి తీగలు కొనండి. ప్లయర్‌తో నొక్కి సరిపెట్టిన క్లిప్పు కొన్నాళ్లే ఆగుతుంది.

ప్లైవుడ్: ఒకే షీటులో

12 మి.మీ. ఎంఆర్ (తేమను తట్టుకునే) గ్రేడ్ ప్లై (ఐఎస్ 303 ముద్ర ఉన్నది) 6×4 అడుగుల షీటు ఒకటి. 18 వద్దు. బరువు ఒక కారణమైతే, స్టిక్ కాడ ఆ మందంలో మునిగిపోయి పైకి పొట్టిగా మిగలడం అసలు కారణం. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) నున్నగా కోసుకుంటుంది గానీ బెంగళూరు వానాకాలపు తేమకు అంచులు ఉబ్బుతాయి, స్క్రూ ఒకసారి విప్పి బిగిస్తే పట్టు పోతుంది.

మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు గానీ మీ పేటలోని ప్లై షాపులో గానీ కోసివ్వమనండి. తిన్నటి కోతలన్నీ అక్కడే చేయిస్తే ముక్కలు ఆటోలో పడతాయి. షీటును పొడవునా రెండు 600 మి.మీ. పట్టీలుగా చీల్చమని చెప్పండి. మొదటి పట్టీలో వరసగా:

వెనక తలుపు 463
అడుగు 450
మానిటర్ ముందు పలక 360
కంట్రోల్ ప్యానెల్ 216
పై పలక 112
ముందు పట్టీ 100

మొత్తం 1701. షీటు పొడవు 1830 కాబట్టి రంపం తినేది పోను మిగులు ఉంటుంది. రెండో పట్టీలో పక్క పలకలు రెండు, 463×450. మిగిలిన ముక్క పారేయకండి, మానిటర్ అడ్డపట్టీకీ డ్రిల్లు కింద ఆసరాకీ అదే కావాలి.

పక్క పలక మీద ఆకారం గీయడం సులువు. ముందు కింది మూలను సున్నా అనుకోండి. అక్కణ్నుంచి నిలువుగా 100 పైకి. తర్వాత వెనక్కి 215, ఎత్తు 125 దగ్గర ఒక చుక్క, ఇది ప్యానెల్ వాలు. తర్వాత వెనక్కి 338, ఎత్తు 463 దగ్గర మరో చుక్క, ఇది తెర వాలు. దాదాపు 20 డిగ్రీలు వెనక్కి వంగుతుంది. చుక్కలు కలిపి, రెండు పలకల్నీ జోడించి బిగించి ఒకేసారి జిగ్‌సాతో కోయండి. విడివిడిగా కోస్తే రెండూ ఒకటి కావు, పెట్టె మెలితిరుగుతుంది.

లోపలి వైపు 25 మి.మీ. రీపర్ (చెక్క బద్ద) ముక్కల్ని అంచుకు 20 మి.మీ. లోపలికి ఫెవికాల్, స్క్రూలతో కొట్టండి. వాటి మీద 12 మి.మీ. పలక కూర్చుంటే పక్క పలకల అంచులు 8 మి.మీ. పైకి మిగులుతాయి. కోతలో వచ్చిన వంకరలన్నీ ఆ అంచు వెనక దాక్కుంటాయి. ముందు పట్టీ, వెనక తలుపు మాత్రం అన్నీ కూర్చాక కొలిచి, అవసరమైనంత చెక్కుకోండి. ప్రతి స్క్రూకీ ముందు 3 మి.మీ. బెజ్జం వేయాలి, లేకపోతే ప్లై పొరలు విచ్చుకుంటాయి. కంట్రోల్ ప్యానెల్‌కి ఫెవికాల్ వద్దు. రేపు ఒక స్విచ్ మార్చాలంటే అది ఊడిరావాలి.

బటన్ బెజ్జాలకు కింద పనికిరాని ప్లై ముక్క ఆసరా పెట్టి, హోల్ సా మధ్య మొన అవతలికి పొడుచుకురాగానే ఆపండి. పలక తిరగేసి ఆ బెజ్జం నుంచే రెండో వైపు పూర్తి చేయండి. ఒకే వైపు నుంచి దించితే వెనక పెచ్చులూడుతుంది. కాగితం టెంప్లేట్ ప్రింట్ తీయిస్తే దాని మీద 100 మి.మీ. గీత ఒకటి ఉంచి స్కేలుతో కొలవండి. జెరాక్స్ షాపు ప్రింటర్లు పేజీకి సరిపెట్టడానికి చెప్పకుండా కుదించేస్తాయి.

స్టిక్ కాడకు 24 మి.మీ. బెజ్జం చాలు, పైన నల్ల వాషర్ దాన్ని కప్పుతుంది. స్టిక్ ప్లేటు పొడవు వైపు ముందు-వెనకగా ఉండాలి. అడ్డంగా పెడితే మొదటి వరస బటన్ల నట్లకు గుద్దుకుంటుంది. దీన్ని చెక్క స్క్రూలతో బిగించకండి, గుంజి గుంజి ఆడితే అవి పట్టు వదిలేస్తాయి. పైనుంచి తల లోపలికి దిగే ఎం4 బోల్టులు వేసి, కింద వాషర్, నైలాన్ నట్ బిగించండి.

మానిటర్, కరెంటు, గాలి

మానిటర్ స్టాండ్ విప్పండి, అంతవరకే. వెనక డొప్ప విప్పకూడదు. లోపలి పవర్ బోర్డు మీద 230 వోల్టులు వస్తాయి, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. వెనక 100×100 మి.మీ. దూరంలో నాలుగు బెజ్జాలు ఉంటాయి, వాటిలో ఎం4 స్క్రూ ఎక్కుతుంది. మిగిలిన ప్లైతో 150 మి.మీ. వెడల్పు అడ్డపట్టీ చేసి పక్క పలకల మధ్య బిగించి, దానికి మానిటర్‌ని 20 మి.మీ. పొడవు స్క్రూలతో తగిలించండి. ఇంతకంటే పొడుగు స్క్రూలు లోపల బోర్డుకు తగలొచ్చు. ముందు పలకలో బెజ్జం కోసే ముందు వెలుగుతున్న భాగాన్నే కొలవండి. 19 అంగుళాల చదర తెరలో అది సుమారు 376×301 వస్తుంది.

స్పైక్ బస్టర్ ఒకటి లోపల, బయటికి ఒకే మూడు పిన్నుల తీగ. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌తో సరిపెడితే ఎర్త్ ఉండదు, పీసీ రేకు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే దానంతటది ఆన్ అయ్యే అమరిక ఉంటుంది. అది వేసుకుంటే గోడ స్విచ్చే పవర్ బటన్ అవుతుంది. ఆపేటప్పుడు మాత్రం మెనూలో షట్‌డౌన్ చేసి, తెర ఆరాకే స్విచ్ ఆపండి. నేరుగా ఆపే అలవాటైతే పెన్‌డ్రైవ్ ఒకరోజు చదవడం మానేస్తుంది.

వేడి పైకే పోతుంది కాబట్టి వెనక తలుపు కింద 25 మి.మీ. ఖాళీ, పై భాగంలో రెండు వరసల బెజ్జాలు. అన్నిటికీ లోపలి నుంచి దోమల జాలీ అతికించండి. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు బొద్దింకలకు ఇష్టం, ఈ ఊళ్లో వాటికి కొదవ లేదు. స్పీకర్లకు చిన్న యూఎస్‌బీ జత చాలు. పీసీ యూఎస్‌బీ నుంచే కరెంటిస్తే 'గుయ్'మనే శబ్దం రావచ్చు. వేరే ఫోన్ చార్జర్‌కి మారిస్తే సాధారణంగా పోతుంది.

రంగుకు 120, 180, 220 నంబర్ల ఉప్పుకాగితం వరసగా రుద్ది, అంచులకు పుట్టీ, ఆపై ప్రైమర్, ఎనామిల్ రెండు పూతలు. వానాకాలంలో పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఎక్కువ ఆగండి. తెర చుట్టూ మాత్రం మెరుపు లేని నలుపే వేయాలి. వెనక్కి వాలిన తెర కాబట్టి ట్యూబ్‌లైట్ వెలుగు ఎటూ పడుతుంది, చుట్టుపక్కల కూడా మెరిస్తే కళ్లు లాగుతాయి.

సాఫ్ట్‌వేర్

ఆటల్ని మెనూలో చూపించి నడిపించే బాటోసెరా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో రాయండి. బయోస్‌లో సెక్యూర్ బూట్ తీసేసి, పెన్‌డ్రైవ్‌ని మొదటి స్థానంలో పెట్టండి. మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడి ఆపేయకండి. తర్వాత కంట్రోలర్ మ్యాపింగ్‌లో ఒక్కో బటన్ నొక్కుతూ పోవాలి. మీ ప్యానెల్‌లో లేనిదాని పేరు వస్తే ఏదో ఒక బటన్ నొక్కి పట్టుకుంటే అది దాటిపోతుంది.

ఇక్కడే ఆ దాపుడు బటన్ పని. హాట్‌కీ, స్టార్ట్ కలిపి నొక్కితే ఆట మూసుకుపోతుంది. హాట్‌కీని కాయిన్ బటన్‌కే కట్టబెడితే పిల్లలు రెండూ కలిపి నొక్కి అవతలివాడి ఆటను మధ్యలో ఆపేస్తారు. అయిదో చిన్న బటన్‌ని పక్క పలక వెనక భాగంలో పెట్టి, దానికే హాట్‌కీ ఇవ్వండి.

రెండు ఎన్‌కోడర్లూ ఒకే రకమైతే కంప్యూటర్‌కి వాటి మధ్య తేడా తెలియదు, ఏ పోర్టులో ఉన్నాయో దాన్నే చూస్తుంది. తీగలు మార్చి తగిలించిన రోజు ఒకటో ఆటగాడు రెండోవాడైపోతాడు. పోర్టుల మీద స్టిక్కర్ వేసి 1, 2 అని రాసుకోండి. ఆటలో బటన్ నొక్కి పట్టుకుంటే టపటపా అదే కొడుతుంటే బోర్డు మీది టర్బో ఆన్ అయిందని అర్థం, బోర్డు మీదే ఉన్న క్లియర్ అమరికతో తీసేయవచ్చు.

ఆట ఫైళ్ల విషయంలో మూడు మాటలు. వాణిజ్య ఆటల రామ్ (ROM) ఫైల్‌లకు హక్కులు ఇంకా ఉన్నాయి, దొరికిందల్లా దింపుకోకండి. గ్రిడ్లీ, రాబీ రోటో లాంటివి హక్కుదారుల అనుమతితో మామ్ (పాత ఆర్కేడ్ ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి, పెట్టెను పరీక్షించడానికి అవి చాలు. ఫైలు జిప్‌గానే ఉంచాలి, విప్పకూడదు. మామ్ 1997 నుంచి మారుతూ వస్తోంది, పాత వెర్షన్ రామ్ కొత్త మామ్‌లో నడవకపోవచ్చు. అప్పుడు పెట్టెలో తప్పు వెతుక్కోకండి.

ప్యాక్‌మ్యాన్ ఆడినప్పుడు మలుపుల్లో బొమ్మ ఇరుక్కుంటుంటే అది మీ చేతి తప్పు కాదు. ఆ ఆట నాలుగు దిక్కుల స్టిక్ కోసం చేసింది, మీది ఎనిమిది దిక్కులది. చాలా స్టిక్‌ల అడుగున ఒక చదరపు ప్లాస్టిక్ గేటు ఉంటుంది. దాన్ని విప్పి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే మూలలు మూసుకుపోయి నాలుగు దిక్కులే మిగులుతాయి. రెండో ఆటగాడి స్టిక్‌ని ఎనిమిదిలోనే ఉంచి, మొదటిదాన్ని అలా మార్చి చూడండి. ప్యానెల్‌కి ఫెవికాల్ వేయలేదు కాబట్టి అయిదు నిమిషాల పని.